డప్పు చల్లారకముందే



డప్పు కళాకారులు దరువు మొదలుపెట్టే ముందు ఇంత వరిగడ్డి, నాలుగు ఎండుపుల్లలు పోగేసి మంట వేస్తారు. ఆ సెగకు డప్పును అటూ ఇటూ తిప్పుతూ కాపుతారు. తోలులోని తేమ పోతుంది, తోలు బిగుస్తుంది. వేలితో మీటి చూస్తారు. ఇంకా మొద్దుగా పలుకుతుంటే మళ్లీ సెగ చూపిస్తారు. ఖణేల్‌మన్నాకే భుజానికి తగిలించుకుంటారు. అయితే ఆ బిగువు ఎక్కువసేపు నిలవదు. వానాకాలం చివర బతుకమ్మ పాటల రోజుల్లో గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి మరీ తొందరగా దిగిపోతుంది.

అలా కాపిన డప్పు రికార్డింగు గదిలోకి వచ్చిందనుకోండి. కళాకారుడు నిలబడి ఉంటాడు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు అప్పుడు కొత్త ప్రాజెక్టు తెరుస్తాడు. ఒక ట్రాకు వేస్తాడు. మైకు ఏ ఇన్‌పుట్‌లో ఉందో వెతుకుతాడు. హెడ్‌ఫోన్‌లో వేగం చూపే టిక్కుటిక్కు, అంటే క్లిక్, వినిపించడం లేదంటారు, దాన్ని సరిచేస్తాడు. కోరస్ వాళ్లకు గొంతుకు మోతనిచ్చే రివర్బ్ కావాలంటారు, ప్లగిన్ తెరుస్తాడు. ఇంతలో అరగంట గడుస్తుంది, తోలు చల్లబడుతుంది. డప్పు మళ్లీ మంట దగ్గరికి పోవాలి. మంటకు పోయిన డప్పు తిరిగి బిగుసుకుంటుంది గానీ, మొదటిసారి గదిలో అడుగుపెట్టినప్పుడు మనిషిలో ఉన్న ఊపు మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాదు.

ఈ అరగంటను మిగిల్చే వసతి సంగీతం తయారుచేసే దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. దాని పేరు ప్రాజెక్టు టెంప్లేటు. పాట మొదలుకాకముందే ట్రాకులు, వాటి పేర్లు, రంగులు, ఏ మైకు ఏ ట్రాకుకు వెళ్లాలో, ఏ గొంతుకు ఏ ఎఫెక్టు అందాలో, అన్నీ సిద్ధం చేసి భద్రపరిచిన ఖాళీ ప్రాజెక్టు అది. దున్ని చదును చేసి పెట్టుకున్న చేను లాంటిదన్నమాట. అందులో ఏ విత్తనం వేయాలన్నది ఆ రోజు పాట చెబుతుంది.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి ప్రాంతాలకు ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ప్రైవేటు పాటల సంగతి ఎత్తుకోవాలి. సినిమాతో సంబంధం లేకుండా జానపద బాణీలో కట్టి, చిత్రీకరించి, యూట్యూబ్‌లో విడుదల చేసే పాటలను తెలంగాణలో అలాగే పిలుస్తారు. ఈ పాటల బలం ఏమిటో 2021లో అందరికీ తెలిసింది. మోహన భోగరాజు పాడిన, ఎస్.కె. బాజీ సంగీతం కూర్చిన బుల్లెట్టు బండి పాటకు మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు నాట్యం చేస్తే ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అప్పటి నుంచి బరాత్‌లలో ఆ పాట మోగుతూనే ఉంది. ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసో, హైదరాబాదో పోవాలి. ఇప్పుడు ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మంచి మైకులు ఉంటే జిల్లా కేంద్రంలోనే పని జరుగుతుంది. జరిగే పని ఎంత పద్ధతిగా జరుగుతోందన్నదే ఇక్కడ మాట్లాడుకోవాల్సింది.

పద్ధతి అనేది కంప్యూటరుతో పుట్టలేదు. టేపుల కాలంలో స్టూడియోల్లో ప్రతి రీలు డబ్బాలో ఒక కాగితం ఉండేది. ఏ ట్రాకులో వయొలిన్, ఏ ట్రాకులో తబలా అని దాని మీద రాసి పెట్టేవారు. పెద్ద మిక్సింగు బల్లల మీద వందల కొద్దీ మరలు ఉంటాయి కాబట్టి, బల్ల బొమ్మ అచ్చువేసిన కాగితాల మీద సహాయకులు ఒక్కో మర ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తుపెట్టేవారు. మర్నాడు మళ్లీ అదే పాట ముట్టుకోవాలంటే ఆ కాగితమే దిక్కు. 1984లో జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ స్టైన్‌బర్గ్, మాన్‌ఫ్రెడ్ ర్యూరప్ కలిసి మొదలుపెట్టిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో అటారీ ఎస్‌టీ కంప్యూటరు మీద క్యూబేస్‌ను తెచ్చింది. 1996లో వీఎస్‌టీ అనే పద్ధతి వచ్చాక ఎఫెక్టులు, ఆ తర్వాత వాద్యాలు కూడా సాఫ్ట్‌వేర్ లోపలికే వచ్చేశాయి. పెన్సిల్ గుర్తులన్నీ ఒక ఫైలులో ఇమిడిపోయాయి. ఫైలులో ఇమిడినదాన్ని నకలు తీయడం ఎంతసేపు?

ఈ రోజు క్యూబేస్ తెరిస్తే రికార్డింగు, స్కోరింగు, ప్రొడక్షన్, మాస్టరింగ్ అని వరుసగా తయారు టెంప్లేట్లు కనిపిస్తాయి. గిటారుతో పాడేవారికి ఒకటి, ఆర్కెస్ట్రా రాసేవారికి ఒకటి. వాటిలో డప్పు ఉండదు. ఒగ్గు డోలు ఉండదు. ముందు ఒకరు ఎత్తుకుంటే వెనక పదిమంది చప్పట్లతో అందుకునే బతుకమ్మ వరుస ఉండదు. హాంబర్గ్‌లో కూర్చున్నవారికి అది తెలిసే అవకాశమూ లేదు. అందుకే ఇక్కడి రికార్డిస్టు తన టెంప్లేటు తానే కట్టుకోవాలి. ఒక పూట కూర్చుంటే అయ్యే పని ఇది.

ఎలా కడతారో కొంచెం దగ్గరగా చూద్దాం.

ముందు ప్రాజెక్టు శాంప్లింగ్ రేటు 48 కిలోహెర్ట్జ్, లోతు 24 బిట్లు అని పెట్టాలి. సీడీల కాలపు 44.1 ఇక్కడ వద్దు. ఈ పాటలన్నీ చివరికి వీడియోలో కలిసేవే, వీడియో పనిలో 48 వాడుక. ఆ లెక్కన ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 మెగాబైట్లు తీసుకుంటుంది. అయిదు నిమిషాల పాటకు ఇరవై ట్రాకులు నిండా ఉంటే సుమారు 864 మెగాబైట్లు. డిస్కులో చోటు ఎంత కావాలో ఈ లెక్కే చెబుతుంది.

తర్వాత డప్పు. దీనికి రెండు ట్రాకులు వేయాలి. డప్పు కొట్టేవారి కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర ఉంటుంది. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల ఉంటుంది. సిర్ర దెబ్బలో గుమ్మనే బరువు, సిటికెనలో చిటపటలాడే పదును ఉంటాయి. ఒకే మైకు మరీ దగ్గర పెడితే ఈ రెండింట్లో ఒకటే గట్టిగా వస్తుంది. ఒకటి తోలు ముందర జానెడు, మూరెడు మధ్య దూరంలో, ఇంకొకటి నాలుగైదు అడుగుల వెనక పెట్టి, గది మోతను కూడా పట్టుకుంటే దరువుకు నిండుదనం వస్తుంది. రెండు మైకులు ఒకే శబ్దాన్ని వేర్వేరు క్షణాల్లో పట్టుకుంటాయి కాబట్టి ఒక్కోసారి కలిపి వింటే అడుగు స్వరం మాయమవుతుంది. అందుకని రెండో ట్రాకు మీద పోలారిటీ తిప్పే మీటను ముందే చేతికందేలా పెట్టుకోవాలి. రెండు విధాలుగా విని, ఏది గట్టిగా గుమ్మంటే దాన్ని ఉంచాలి.

డోలుకు రెండు ముఖాలు, రెండు ట్రాకులు. తాళాలకు ఒకటి. తాళాల ట్రాకు మీద అడుగు శబ్దాలను కోసేసే ఫిల్టర్ ముందే పెట్టి ఉంచాలి. లేకపోతే పక్కనున్న డోలు మోతంతా అందులో దూరుతుంది. కంజిరకు ఒకటి. ఈ ట్రాకులన్నీ రిథమ్ అనే ఒక గ్రూపులోకి వెళ్లాలి. గొంతుకు ప్రధాన ట్రాకు ఒకటి, దాని కింద ఇంకో రెండు ఖాళీ ట్రాకులు. మంచి గాయని ఒకసారి పాడింది చాలు అనదు, ఇంకోసారి అంటుంది. ఆ ఇంకోసారికి చోటు సిద్ధంగా ఉండాలి. కోరస్‌కు నాలుగు ట్రాకులు, రెండు ఎడమకు, రెండు కుడికి. ముగ్గురే వచ్చినా నాలుగుసార్లు పాడితే వాకిలి నిండా ఆడవాళ్లు ఉన్నట్టు వినిపిస్తుంది. ఎఫెక్టులకు శబ్దాన్ని పంపే దారులు, అంటే సెండ్లు, మూడు చాలు. చిన్న గది లాంటి రివర్బ్ ఒకటి, పొడుగాటి రివర్బ్ ఒకటి, చరణం చివరి మాటను వెనక్కి విసిరే డిలే ఒకటి. క్లిక్ హెడ్‌ఫోన్‌కు మాత్రమే పోవాలి, మాస్టర్‌లోకి పోకూడదు. ఈ ఒక్కటి టెంప్లేటులో సరిగ్గా కుదిరితే, తుది మిక్స్‌లో టిక్కుటిక్కు వినిపించిందని అర్ధరాత్రి ఫోన్లు రావు.

ట్రాకులకు పేర్లు పెట్టడం అన్నింటికన్నా చిన్న పని. తెల్లారి లేస్తే దాని విలువ తెలుస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు రికార్డు చేసిన ఫైలుకు ట్రాకు పేరునే తగిలిస్తాయి. పేరు పెట్టకపోతే ఆడియో 01, ఆడియో 02 అని పేరుకుపోతాయి. రెండేళ్ల తర్వాత ఆ ఫోల్డరు తెరిచిన మనిషికి ఏది డప్పో ఏది గొంతో ఒక్కొక్కటీ వింటే తప్ప తెలియదు. పేరు పెట్టిన ట్రాకు అయితే ఫైలే చెబుతుంది.

ఇక టెంప్లేటు గుర్తుంచుకోలేని సంగతులూ ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ మీద చేత్తో తిప్పే గెయిన్ మర ఎక్కడుందో కంప్యూటరుకు తెలియదు. మైకు ఎంత దూరంలో ఉందో తెలియదు. ఇలాంటివన్నీ ప్రాజెక్టు నోట్సులో మాటల్లో రాసుకోవాలి. డప్పు దగ్గరి మైకుకు గెయిన్ మర గడియారంలో పది గంటల చోట, రెండో మైకు గోడ నుంచి మూరెడు ఇవతల అని. కంప్యూటరు శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా అందుకోవాలో చెప్పే బఫర్ కూడా అంతే. అది యంత్రం సెట్టింగు, చాలావరకు టెంప్లేటులో పోదు. పాడించేటప్పుడు 128 శాంపిళ్లు పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆలస్యం ఒక దిక్కున మూడు మిల్లీసెకన్ల లోపే. మిక్సింగుకు 1024 పెట్టుకుని, మర్చిపోయి అలాగే పాడిస్తే అది 21 మిల్లీసెకన్లు దాటుతుంది. తన గొంతు తనకే వెనకబడి వినిపిస్తుంటే ఎంత ఆరితేరిన గాయకుడైనా లయ తప్పుతాడు. తప్పు గాయకుడిదనుకుని పదే పదే పాడించిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికైనా తెలుసు.

భద్రపరచడం సులువు. క్యూబేస్‌లో ఫైల్ మెనూలో సేవ్ యాజ్ టెంప్లేట్ నొక్కి పేరు ఇస్తే, మళ్లీ సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు ఆ పేరు జాబితాలో కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత పాట ప్రాజెక్టునే టెంప్లేటుగా మారుస్తుంటే, పూల్‌లో, అంటే ప్రాజెక్టులోని ఆడియో ఫైళ్ల జాబితాలో, ఉన్నదంతా తుడిచేశాకే భద్రపరచాలి. లేకపోతే పాత పాట ముక్కలు కొత్త పాటలోకి వెంటబడి వస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో టెంప్లేట్ల ఫోల్డరులో దాచితే న్యూ ఫ్రమ్ టెంప్లేట్ అన్న చోట దొరుకుతుంది. విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతిలో పుట్టిన రీపర్‌లో ప్రాజెక్టు టెంప్లేట్లు అని విడిగా మెనూయే ఉంది. కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడల్లా ఫలానా టెంప్లేటే రావాలని, తెరవగానే ఎక్కడ సేవ్ చేయాలో అడగాలని కూడా అందులో చెప్పి ఉంచొచ్చు. రీపర్‌ను 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు, ఆ తర్వాత సొంత వాడకానికి, చిన్న వ్యాపారానికి 60 డాలర్ల లైసెన్సు. డబ్బు చూసుకుని మొదలుపెట్టే కుర్రాళ్లకు ఇది అందుబాటులో ఉన్న దారి.

టెంప్లేటు లేనివాళ్లు చేసే పని ఒకటుంది. పోయిన నెల పాట తెరుస్తారు, అందులో ఆడియో చెరిపేస్తారు, కొత్త పేరుతో సేవ్ చేసి పని సాగిస్తారు. చూడ్డానికి ఇదీ టెంప్లేటు లాగే ఉంటుంది. ప్రమాదం ఎక్కడంటే, పేరు మార్చడం మర్చిపోతే పాత పాట పోతుంది. పేరు మార్చినా, కొత్త పాట ఆడియో కొన్నిసార్లు పాత ఫోల్డరులోనే పడుతుంది. ఏడాది తర్వాత డిస్కు నిండిందని ఆ పాత ఫోల్డరును తీసేస్తే, దానితోపాటు ఇంకో పాట కూడా పోతుంది. అది ఎవరో ముసలమ్మ పాడిన పాటయి, ఆమె ఇప్పుడు లేకపోతే, తిరిగి తెచ్చుకునే మార్గం లేదు.

ఇంతవరకూ టెంప్లేటు మేలు. ఇప్పుడు దాంతో వచ్చే కీడు కూడా చెప్పుకోవాలి.

ట్రాకుల అమరికతో ఆగకుండా పదే పదే తిరిగే దరువు ముక్కను, అంటే లూపును, కూడా టెంప్లేటులో పెట్టేసుకునేవాళ్లు ఉన్నారు. టెంపో ముందే, తీన్మార్ లూపు ముందే, పల్లవికి ముందు వచ్చే కీబోర్డు బిట్టు ముందే, చివరి చరణం ముందు ఆగి మళ్లీ ఎత్తుకునే చోటు కూడా ముందే. ఇక గొంతు మాత్రం మార్చడమే. యూట్యూబ్‌లో వరుసగా ఒక పది ప్రైవేటు పాటలు వినండి. వాటిలో కొన్నింటి దరువును కళ్లు మూసుకుని విడదీయలేరు. అవసరం ఉండి అలా చేస్తారు. పాటకు ఇచ్చే డబ్బు తక్కువ, గడువు ఇంకా తక్కువ. ఆ ఇబ్బంది నిజమైనదే. అయినా నష్టం కళాకారుడికి జరుగుతోంది. పెళ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, బోనాలకు ఒకటి, పీర్లకు ఒకటి వాయించే మనిషి పక్క వాడలోనే ఉండగా, ఎవరో ఎక్కడో ఒకసారి వాయించి అమ్మిన నాలుగు మాత్రల ముక్కను అయిదు నిమిషాలు తిప్పడం అన్యాయం. టెంప్లేటులో డప్పు ట్రాకు ఉండాలి, అందులో డప్పు ఉండకూడదు. ఆ ఖాళీ ఉంటేనే దాన్ని నింపడానికి మనిషిని పిలుస్తారు.

టెంపో విషయమూ అంతే. ఇక్కడి కళల్లో చాలావాటికి ఒకే వేగం ఉండదు. ఒగ్గుకథ తీసుకోండి. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను ఊరి గుడి ముందు నుంచి దేశం దృష్టికి తెచ్చిన కళాకారుడు. ఆయనకు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, 2017లో కన్నుమూశారు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు కళాకారులు మాటలోంచి పాటలోకి, పాటలోంచి ఆటలోకి మారుతుంటారు. డోలు ఆ మార్పును వెంటాడుతుంది, ఒక్కోసారి ముందుండి నడిపిస్తుంది. జనం కళ్లలో నీళ్లు చూస్తే కథకుడు వేగం తగ్గిస్తాడు. ఇలాంటి బృందానికి హెడ్‌ఫోన్లు తగిలించి నిమిషానికి ఇన్ని దెబ్బలని క్లిక్ వినిపిస్తే కథ బిగుసుకుపోతుంది.

అందుకే టెంప్లేట్లు రెండు ఉండాలి. ప్రైవేటు పాటకు ఒకటి, క్లిక్‌తో. కథకు, యక్షగానానికి, జాతరకు ఇంకొకటి, క్లిక్ లేకుండా. ఈ రెండో దానిలో ప్రాజెక్టు వేగంతో ఆడియోను సాగదీసే వసతులన్నీ ముందే ఆపేసి ఉండాలి. అందరినీ ఒకచోట నిలబెట్టి ఒకేసారి రికార్డు చేసేలా ట్రాకులన్నీ ముందే రికార్డుకు సిద్ధమై ఉండాలి. ఒక్క మీట నొక్కితే అన్నీ మొదలవ్వాలి.

యక్షగానం మాటకొస్తే, జనగామ జిల్లాలోనే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంలో 2024లో పద్మశ్రీ ప్రకటించారు. చిందు ఆట సంప్రదాయంగా రాత్రంతా నడిచే ప్రదర్శన. అలాంటిదాన్ని రికార్డు చేయబోయేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటి పెరగదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో అయితే నాలుగు గంటల ఎనిమిది నిమిషాల దగ్గర ఆ హద్దు తగులుతుంది. అంటే రాత్రి పది గంటలకు మొదలుపెట్టిన రికార్డింగు, ఆట మంచి రక్తిలో ఉన్న రెండు గంటల వేళకు చిక్కులో పడొచ్చు. ఆర్‌ఎఫ్64 లాంటి పెద్ద ఫైళ్ల పద్ధతిని టెంప్లేటు కట్టేనాడే ఎంచుకుంటే, లేదా ఫైలును గంటకొకటిగా ముక్కలు చేయమంటే ఆ భయం లేదు. నాలుగు మైకులతో ఆరు గంటలు నడిస్తే డిస్కులో పన్నెండున్నర గిగాబైట్ల చోటు కావాలి. ఊళ్లోకి బయలుదేరే ముందే చూసుకోవాల్సిన సంగతులివి.

మహబూబాబాద్ వైపు తండాలు ఎక్కువ. తీజ్ పండుగకు ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతూ గుంపుగా పాడే లంబాడా పాటలకు డప్పు టెంప్లేటు పనికిరాదు. అక్కడ నంగారా ట్రాకు కావాలి, ప్రధాన గొంతు ఒక్కటే ఉండాలన్న ఆలోచన మానుకోవాలి. గుంపే గాయని. ఆ గుంపు మొత్తానికి ఒక జత మైకులు, మధ్యలో దగ్గరగా ఇంకొకటి.

సీజన్ ఒత్తిడి సంగతి భూపాలపల్లి వైపు బాగా తెలుసు. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నా, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. జాతరకు ముందు రోజుల్లో అమ్మవార్ల పాటలు వరుసగా విడుదలవుతాయి. జాతర దాటాక వచ్చిన పాటను వినేవారు తక్కువ. ఆ వారాల్లో ఒక్కో పాట దగ్గర మిగిలే గంట కూడా విలువైనదే. టెంప్లేటు మిగిల్చిన ఆ గంటను ఇంకో పాట ఒప్పుకోవడానికి వాడాలా, ఉన్న పాటకు ఇంకో టేక్ తీసుకోవడానికి వాడాలా అన్నది రికార్డిస్టు చేతిలో ఉంది. ఇంకో టేక్‌కే వాడితే బాగుంటుంది.

పెద్దవాళ్ల టెంప్లేట్లు చూసి ఆశపడకూడదు. హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ క్యూబేస్ వాడతారు. ఆ స్థాయి సినిమా సంగీతంలో ఒక టెంప్లేటులో వందల ట్రాకులు, వాటి వెనక వాద్యాల శబ్దాలను మోసే వేరే కంప్యూటర్లు ఉంటాయి. ఎనిమిది గిగాబైట్ల మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో దాన్ని అనుకరించబోతే ప్రాజెక్టు తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతుంది, అప్పుడు మిగిల్చిందేమీ లేదు. బరువైన వాద్యాల ట్రాకులను టెంప్లేటులో ఉంచి, డిసేబుల్ చేసి పెట్టుకోవచ్చు. అవసరమైనప్పుడే మెమరీలోకి వస్తాయి. లేదా డప్పు ట్రాకుల జతను ఒక ట్రాకు టెంప్లేటుగా, కోరస్ గుంపును ఇంకో ట్రాకు టెంప్లేటుగా విడివిడిగా దాచుకుని, ఏ పాటకు ఏది కావాలో దాన్ని మాత్రం దించుకోవచ్చు. చిన్న యంత్రం ఉన్నవారికి ఇదే మేలు.

చివరన మాస్టర్ మీద శబ్ద తీవ్రతను కొలిచే మీటరు ఒకటి శాశ్వతంగా ఉండాలి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ కన్నా గట్టిగా ఉన్న పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. గట్టిగా ఉండాలని పాటను నలిపి పిండితే అక్కడ దక్కేదేమీ ఉండదు, డప్పు దెబ్బలోని పదును మాత్రం పోతుంది. డీజే పెట్టెల్లో మోగే బరాత్ కోసం వేరే మాస్టర్ తీసుకోవచ్చు. టెంప్లేటులో రెండు దారులూ పెట్టి ఉంచితే ఎప్పుడు ఏది కావాలంటే అది తీయొచ్చు.

ఒకరు కట్టిన టెంప్లేటు ఇంకొకరికి అందించడం కూడా పెద్ద పని కాదు. రీపర్ టెంప్లేటు ఫైలు నిజానికి మామూలు అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు. జనగామలో కట్టింది సాయంత్రానికి తొర్రూరులోనో, చిట్యాలలోనో తెరుచుకుంటుంది. తెరిచిన చోట ప్లగిన్లు లేవని ఎర్రగా హెచ్చరికలు రాకూడదంటే, పంపేవారు సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్‌లతోనే దాన్ని కట్టాలి. అందుకున్నవారు తమ ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్లను ఒకసారి కలుపుకుని, ప్రతి ట్రాకులో కొన్ని సెకన్లు రికార్డు చేసి విని, తమ పేరుతో మళ్లీ సేవ్ చేసుకోవాలి.

అలా పంపే టెంప్లేటు నోట్సు పేజీలో మైకుల దూరాల కింద ఇంకొన్ని ఖాళీ గీతలు కూడా ఉండాలి. పాడినవారు, వారి ఊరు. డప్పు ఎవరు, డోలు ఎవరు, కోరస్‌లో ఎవరెవరు. బాణీ ఎవరి దగ్గర విన్నారు, ఎప్పుడు విన్నారు. నాట్లేస్తూ ఒక అమ్మ పాడిన వరుస పాటయి, విడుదలై, వివరాల్లో జానపదం అన్న ఒక్క మాటే మిగిలిపోతున్న పాటలు చాలా ఉన్నాయి. రికార్డింగు రోజున అందరూ గదిలోనే ఉంటారు, అడిగితే రెండు నిమిషాల్లో చెబుతారు. ఆ గీతలు నింపిన తర్వాతే మొదటి టేక్ మొదలుపెట్టే అలవాటు చేసుకుంటే, యూట్యూబ్‌లో పాట కింద వివరాలు రాసే రోజున ఆ పేజీని ఉన్నదున్నట్టు తీసి పెట్టేయొచ్చు. బాణీ ఇచ్చిన ఆమె పేరు, ఆమె ఊరి పేరు అక్కడ మొదటి వరుసలోనే ఉండాలి.